ముందు ఇనుము, తర్వాతే రంగు

పెరట్లో టార్పాలిన్ కింద ఏళ్లుగా కదలని ప్రీమియర్ పద్మిని. తుక్కు వ్యాపారి కిలోల లెక్కన ధర చెబుతున్నాడు. వృత్తి మెకానిక్ కానివాళ్లు ఆ కారును ఇంటి షెడ్డులోనే, సొంత చేతులతో మళ్లీ రోడ్డెక్కించగలరా? ఎక్కించగలరు. ఎలాగన్నదే ఈ వారం ముఖచిత్ర కథనం.

పాత కారును చూడగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఇంజిన్ తిరుగుతుందా? అందరి చెయ్యీ ముందు బానెట్ మీదికే పోతుంది. ఆటోనగర్‌లో తలపండిన టింకరింగ్ మేస్త్రీ మాత్రం బానెట్ జోలికి పోడు. తలుపు తీసి, కాళ్ల కింది మ్యాటు లాగి పారేసి, స్క్రూడ్రైవర్ మొనతో నేల రేకును పొడుస్తాడు. ఠంగుమంటే ఒక లెక్క, మొన దిగబడితే ఇంకో లెక్క. పద్మిని ఇంజిన్ ఎంత చెడినా లేత్ పనితో, నాలుగు పిస్టన్లతో దారికి తెచ్చుకోవచ్చు. నేల పోతే మాత్రం కారే పోయినట్టు.

ఎందుకంటే, లారీకో జీపుకో ఉన్నట్టు ఈ కారుకు అడుగున విడిగా ఇనుప చట్రం లేదు. నేల రేకు, తలుపుల కింద పొడవునా సాగే పెట్టెలాంటి సిల్లులు, పైకప్పును మోసే స్తంభాలు, అన్నీ కలిసి ఒకే డొల్ల. సుమారు 900 కిలోల బరువునూ, గుంటల రోడ్ల కుదుపునూ మోసేది ఆ డొల్లే. అంబాసిడర్ కట్టుబడీ ఇలాంటిదే. అందుకే ఈ తరం కార్లకు తుప్పు పట్టడమంటే అందం పోవడంతో సరిపోదు, వెన్నెముక కరిగిపోతున్నట్టు. ఇంట్లో కారు బాగుచేయాలనుకునే ఔత్సాహికుడు మొదట తెలుసుకోవాల్సింది ఇదే. చాలామంది చివరికి తెలుసుకునేదీ ఇదే, అప్పటికి రంగుకు పోసిన డబ్బు పోయి ఉంటుంది.

ఏ మ్యూజియమూ దాచని కారు

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పురమాయించిన కారు అది. ఆయన 1911లో కన్నుమూశాకే ఊరికి చేరింది. రాజుల కార్లకు ట్రస్టులుంటాయి, నిపుణులుంటారు, అద్దాల గదులుంటాయి. తాలూకా కేంద్రంలో డాక్టరు గారు రోగుల ఇళ్లకు వెళ్లిన ఫియట్‌కు, కాంట్రాక్టరు కూతురి పెళ్లికి ఊరంతా తిరిగిన పద్మినికి, కాలేజీ ప్రిన్సిపాలు ఏళ్ల తరబడి ఎదురుచూసి కొనుక్కున్న కారుకు ఏ మ్యూజియమూ లేదు. వాటిని కాపాడితే ఇంటివాళ్లే కాపాడాలి. మధ్యతరగతి చరిత్ర మధ్యతరగతి షెడ్డుల్లోనే నిలవాలి. ఈ పని విలువ మీద నాకున్న నమ్మకమంతా ఇదే.

ప్రీమియర్ ఆటోమొబైల్స్ కంపెనీని వాల్‌చంద్ హీరాచంద్ 1944లో బొంబాయిలో పెట్టారు. 1950ల నుంచి కుర్లా ఫ్యాక్టరీలో ఇటలీ ఫియట్ కంపెనీ లైసెన్సుతో ఫియట్ 1100 వరస కార్లు తయారయ్యాయి. తొలి మోడళ్లలో ముందు తలుపుల బందులు వెనకవైపు ఉండేవి. 1964లో డిలైట్ వచ్చేసరికి ఆ పద్ధతి మారిపోయింది. 1972లో అదే కారు ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974లో ప్రీమియర్ పద్మిని అయింది. పేర్లు మారినా గుండె మాత్రం ఆ 1089 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్. స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. వెనక కమాన్ కట్టలు, ముందు కాయిల్ స్ప్రింగులు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. 1983 చివర మారుతి 800 వచ్చాక దీని వైభవం తగ్గుతూ పోయింది, 2000 ప్రాంతంలో తయారీ నిలిచిపోయింది. ముంబయి నలుపు పసుపు ట్యాక్సీల్లో చివరి పద్మిని 2003 అక్టోబర్ 29న రిజిస్టరైంది. అక్కడ ట్యాక్సీల వయోపరిమితి 20 ఏళ్లు కాబట్టి 2023 అక్టోబర్ 30 నుంచి ఆ మహానగరంలో పద్మిని ట్యాక్సీ లేదు.

ముంబయిలో ట్యాక్సీలు పోతే మనకేమిటి అనుకోవచ్చు. వేల ట్యాక్సీలు తిరిగినంతకాలం కుర్లా స్పేర్‌పార్టుల దుకాణాల్లో దీని సామాన్లు తేలిగ్గా దొరికేవి, అక్కణ్నుంచి సికింద్రాబాద్ రాణిగంజ్‌కూ విజయవాడ ఆటోనగర్‌కూ చేరేవి. ఆ ఊట ఇప్పుడు సన్నబడుతోంది. మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఇంకా ఆలస్యం చేయకూడదనడానికి అది గట్టి కారణం.

తుప్పు ఎక్కడ దాక్కుంటుంది

ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు. ఉప్పు తోడైతే ఆ పని మరింత వేగం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలి తగిలిన కారుకూ, అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో నిలబడిన కారుకూ తేడా కంటికే తెలుస్తుంది. కొనబోయేవాళ్లు నాలుగు జిల్లాలు దాటి వెళ్లినా సరే, ఎండిన నేల మీది కారునే ఎంచుకోవాలి. రవాణా ఖర్చు వెల్డింగ్ ఖర్చు కంటే ఎప్పుడూ తక్కువే.

తుప్పుగా మారిన ఇనుము అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే రంగు బొబ్బలెక్కుతుంది. పైన శనగగింజంత బొబ్బ కనిపిస్తే లోపల అరచేయంత రేకు పోయిందని లెక్కేసుకోవాలి. తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. బయట కనిపించేసరికి దాని పని సగం అయిపోయి ఉంటుంది.

పద్మినిలో వెతకాల్సిన చోట్లు తెలిసినవే. కాళ్ల కింది నేల, ముఖ్యంగా డ్రైవరు వైపు. సిల్లులు. వెనక చక్రాల మీది కమానులు. డిక్కీలో స్టెప్నీ కూర్చునే గుంట. ఆసిడ్ ఒలికే బ్యాటరీ తట్ట. ముందు అద్దం రబ్బరు కింది అంచు. హెడ్‌లైట్ల వెనక బురద పేరుకునే మూల. జాకీ పెట్టే చోటు. సిల్లులకూ తలుపుల అడుగునా నీరు కారిపోవడానికి ఫ్యాక్టరీలోనే చిన్న రంధ్రాలు పెడతారు. వేపాకు, దుమ్ము చేరి అవి మూసుకుపోతాయి. కారు చెట్టు నీడన భద్రంగా ఉందని మనం అనుకుంటుంటాం, లోపల వాననీరు నిలిచి ఏడాది పొడవునా రేకును తింటుంటుంది. ఆకులు రాలే చెట్టు కింద కంటే ఎండలో నిలబెట్టిన కారే ఎక్కువ కాలం బతుకుతుంది. రంగు వెలిస్తే మళ్లీ వేసుకోవచ్చు.

ఒక అయస్కాంతం జేబులో పెట్టుకోండి. పలచటి గుడ్డలో చుట్టి బాడీ మీద జరుపుతూ పోతే రేకున్నచోట పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. అమ్మకానికి నిగనిగలాడుతూ నిలబడే పాత కార్లు కొన్ని రేకు కంటే లప్పంతోనే ఎక్కువ నిండి ఉంటాయి. గుంటను సరిచేశాక మిగిలే గీతలను పూడ్చేందుకే లప్పం. తుప్పు తిన్న రంధ్రంలో పేపరు కుక్కి, పైన లప్పం మెత్తి, రంగు కొట్టి అమ్మడం కొనేవాడి ప్రాణంతో ఆడుకోవడమే. దానికి ఇంతకంటే మెత్తటి మాట నా దగ్గర లేదు.

విప్పడం, కడగడం, చూడటం

విప్పేముందు ప్రతిదీ ఫొటో తీయాలి. నట్లు, బోల్టులు ఏ భాగానివి ఆ భాగానికే విడి సంచుల్లో వేసి పేరు రాయాలి. ఇంతకు మించి ఇక్కడ చెప్పడానికి లేదు. బద్ధకించినవాడికి తర్వాత కారే చెబుతుంది. బిగుసుకున్న బోల్టును బలంతో తిప్పితే తల విరుగుతుంది. డీజిలో, తుప్పు వదిలించే స్ప్రేయో వేసి ఒక రాత్రి ఆగి, అప్పుడు పానా పట్టాలి. అయినా కదలకపోతే నట్టును గ్యాస్‌తో ఎర్రగా కాల్చి విప్పుతారు. పెట్రోలు ట్యాంకు, పైపులు దించకుండా ఆ మంట దగ్గరికి రానివ్వకూడదు.

చిన్న సామాన్ల తుప్పు వదిలించడం ఇంటి పనిలో ఎక్కువ తృప్తినిచ్చే ఘట్టం. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, లీటరుకో చెంచా చొప్పున వాషింగ్ సోడా కలపాలి. పాత 12 వోల్టుల బ్యాటరీ చార్జరు మైనస్ తీగను తుప్పు భాగానికీ, ప్లస్ తీగను పనికిరాని ఇనుప ముక్కకీ తగిలించాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. కరెంటు ఇవ్వగానే సన్నటి బుడగలు లేస్తాయి. మర్నాటికి తుప్పు నల్లటి మడ్డిలా మారి బ్రష్షుతో రుద్దితే రాలిపోతుంది. మంచి ఇనుము అరగదు, ఇదే దీని గొప్ప. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు, చెంచాలు వాడొద్దు. వాటిలోని క్రోమియం నీళ్లలోకి దిగి విషమవుతుంది.

కరెంటంటే భయపడేవాళ్లకు నిమ్మ ఉప్పు ఉంది. నీళ్లలో కలిపి నానబెడితే కొన్ని గంటల్లోనే తుప్పు వదులుతుంది. చెరకు మొలాసిస్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపిన తొట్టిలో వారాల తరబడి నానబెట్టే పద్ధతీ ఉంది. వాసన భరించగలిగితే అంత చవకైనది మరొకటి లేదు. అల్యూమినియం భాగాలను మాత్రం అందులో వేయకూడదు, తినేస్తుంది. ఏ తొట్టి నుంచి తీసినా వెంటనే కడిగి, ఆరబెట్టి, ప్రైమరో నూనెనో పూయాలి. మన ఉక్కపోతలో శుభ్రమైన ఇనుము గంటల్లోనే ఎర్రబడుతుంది.

బాడీని తొట్టిలో ముంచలేం కాబట్టి అక్కడ వైర్ బ్రష్షు, ఆ తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న కన్వర్టరు. మిగిలిన పలచటి తుప్పును అది ఐరన్ ఫాస్ఫేట్ పొరగా మారుస్తుంది. ఫాస్ఫరస్‌కూ ఇనుముకూ మన దేశంలో పాత చుట్టరికముంది. ఢిల్లీ కుతుబ్‌మీనార్ ఆవరణలోని ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్లుగా వానకు తడుస్తూ నిలిచి ఉండటానికి దానిలో ఎక్కువగా ఉన్న ఫాస్ఫరసే ముఖ్య కారణమని ఐఐటీ కాన్పూర్ లోహశాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. అయితే కన్వర్టరు చచ్చిన రేకును బతికించదు. వేలితో నొక్కితే కుంగే రేకును కోసి తీసేయాల్సిందే.

రేకు కోసే రోజు

ఇక్కడే ఔత్సాహికుల చెయ్యి వణుకుతుంది. వణకడమే మంచిది. సిల్లు కోసేముందు కారును సమంగా నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, తలుపులు తీసేసి, తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డ్ చేసి బిగించాలి. అలా చేయకుండా రెండు సిల్లులూ ఒకేసారి కోస్తే డొల్ల మధ్యలో కుంగుతుంది. ఆ తర్వాత ఎంత మంచి తలుపైనా పడదు. ఒకవైపు పూర్తిచేసి, తలుపు పెట్టి చూసుకుని, అప్పుడే రెండోవైపు.

తుప్పు కనిపించినంత మేర కోస్తే సరిపోదు, మెరిసే ఇనుము వచ్చేదాకా కోయాలి. అట్ట ముక్కతో నమూనా కత్తిరించి, దాని ప్రకారం సీఆర్ షీటు వంచుకోవాలి. పైభాగాలకు 20 గేజి, నేలకు 18 గేజి సరిపోతుంది. జీఐ షీటు తుప్పు పట్టదు కదా అని దాన్ని అతికించేవాళ్లున్నారు. వెల్డింగ్ వేడికి దాని జింకు పూత పొగై, ఆ పొగ పీల్చినవాడికి జ్వరం వస్తుంది. షీటు మామూలుదే వాడి, కాపుదల తర్వాత ప్రైమరుతో ఇవ్వాలి.

పాత మేస్త్రీలు గ్యాస్ వెల్డింగ్‌తో అద్భుతాలు చేశారు, కానీ ఆ వేడికి పలచటి రేకు అలలు తేలుతుంది, దాన్ని సుత్తి, డాలీలతో సర్దే నేర్పు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు సీఓటూ వెల్డింగ్ మేలు. ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క జానెడు దూరంలో, మధ్యలో చల్లారనిస్తూ కలుపుకుంటూ పోవాలి. కార్పెట్లు, సీట్లు ముందే తీసేయాలి. పెట్రోలు ట్యాంకు కారులోనే కాదు, షెడ్డులోనే ఉండకూడదు. బ్యాటరీ విప్పాలి. నీళ్ల బకెట్టు, ఇసుక, ఫైర్ ఎక్స్‌టింగ్విషరు పక్కనుండాలి. అపార్టుమెంటు సెల్లారులో ఈ పని అసలు వద్దు. షెడ్డు లేనివాళ్లు విప్పడం, శుభ్రం చేయడం ఇంట్లో చేసుకుని, వెల్డింగ్‌కు కారును మేస్త్రీ దగ్గరికి తోలించుకోవాలి. అందులో చిన్నతనమేమీ లేదు. మేస్త్రీ పక్కన నిలబడి చూసినవాడికి పుస్తకాలు చెప్పనిది దొరుకుతుంది.

మూసేసిన పెట్టె భాగాల్లోకి మైనం కలిసిన తుప్పు నిరోధకం కొట్టి, ఫ్యాక్టరీ పెట్టిన నీటి రంధ్రాలను అలాగే తెరిచి ఉంచాలి. లారీలకు కొట్టినట్టు అడుగున పాత ఇంజిన్ ఆయిల్ కొట్టించడం మనవైపు అలవాటు. ఇనుమును కొంత కాపాడే మాట నిజమే, బుష్షుల రబ్బరును మాత్రం ఉబ్బించి పాడుచేస్తుంది.

రంగు గురించి తక్కువే చెబుతాను. పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా గీకకుండా నీళ్ల పేపరుతో రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి. ఆ కాలపు డ్యూకో రంగులు ఇంట్లో కొట్టుకోవచ్చు, వానాకాలం తేమలో కొడితే తెల్లబారతాయి. ఇప్పటి టూకే రంగుల్లో హార్డెనరు ఊపిరితిత్తులకు ప్రమాదం, దాన్ని సరైన గాలి ఏర్పాట్లున్న బూత్‌కే వదిలేయాలి.

కదలడం కంటే ఆగడం ముఖ్యం

ఏళ్లుగా ఆగిన ఇంజిన్‌కు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టకూడదు. ప్లగ్గులు విప్పి, నాలుగు సిలిండర్లలోకీ డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి కొద్దికొద్దిగా పోసి కొన్ని రోజులు వదిలేయాలి. ఆపైన టాప్ గేరులో వేసి కారును ముందుకూ వెనక్కూ నెమ్మదిగా ఊపాలి. కదిలితే సగం గెలిచినట్టే. తిరగడం మొదలయ్యాక పాత ఆయిల్ దించేసి కొత్తది పోసి, పాయింట్లు, కండెన్సరు మార్చి, కార్బొరేటర్ విప్పి కడిగి, 1-3-4-2 వరసలో ప్లగ్గు తీగలు తగిలిస్తే ఈ ఇంజిన్ పెద్దగా మారాం చేయదు. ఎక్కడా కంప్యూటర్ లేదు. ప్రతి భాగం ఏం చేస్తుందో కంటికి కనిపిస్తుంది. చదువుకుంటున్న పిల్లలకు ఇంతకంటే మంచి ప్రయోగశాల ఏ ఇంట్లోనూ ఉండదు.

పెట్రోలు విషయంలో కొత్త జాగ్రత్త ఒకటి అవసరం. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1970ల నాటి రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ వాషర్లు దానికి తట్టుకునేలా చేసినవి కావు. మెత్తబడి పెట్రోలు కారితే వేడి ఇంజిన్ మీద నిప్పే. గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయించాలి. ఇథనాల్ తేమను పీలుస్తుంది కాబట్టి కారు నెలల తరబడి కదలదనుకుంటే ట్యాంకు ఖాళీ చేయడం మంచిది.

అన్నిటికంటే ముందు బ్రేకులు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్ల రబ్బర్లు, గొట్టాలు, ఇనుప పైపులు పైకి బాగానే ఉన్నా మార్చేయాలి. పాత బ్రేకు షూల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టి ఊదకూడదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయాలి. ఇంజిన్ స్టార్టయిన ఆనందంలో బ్రేకులు చూడకుండా వీధి చివరిదాకా వెళ్లొద్దామనే కోరిక ప్రతి ఒక్కరికీ పుడుతుంది. దాన్ని అణచుకోవాలి.

చట్టం ఏమంటుంది

మన రెండు రాష్ట్రాల్లో సొంత కారుకు 15 ఏళ్లు దాటాక ఫిట్‌నెస్ చూపించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. దాంతోపాటు 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న సొంత వాహనాలకు ఇవి వర్తిస్తాయి. నమోదు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. పొడిగింపుకు 5,000. పాత నంబరున్న కారు ఆ నంబరునే ఉంచుకోవచ్చు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు వంటి పనులకు తప్ప రోజువారీ తిరుగుడుకు, కిరాయికి ఈ రిజిస్ట్రేషన్ పనికిరాదు. 1974లో పద్మిని పేరుతో వచ్చిన తొలి కార్లు 2024తో ఈ వయసుకు చేరాయి.

బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసిన వాహనాన్ని ఈ నిబంధనలు వింటేజ్‌గా ఒప్పుకోవు. పద్మినిలో మారుతి ఇంజినో డీజిల్ ఇంజినో దించడం ఒకప్పుడు తెలివైన పని అనిపించుకుంది. ఇప్పుడు అదే కారు విలువను తగ్గిస్తుంది. మార్పులన్నీ తప్పని నేననను. 1982లో ఎన్టీ రామారావు రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం పాత షెవర్లే వ్యాన్‌ను మార్చి కట్టిందే, ఆ బండి చరిత్ర ఆ మార్పులోనే ఉంది. మన ఇంటి కారుకు అలాంటి చరిత్ర లేనప్పుడు ఫ్యాక్టరీ ఇచ్చిన రూపాన్ని నిలపడమే న్యాయం. పనికొచ్చే పాత భాగాన్ని బాగుచేసి వాడాలి. దొరకనప్పుడే కొత్తది.

ఆదివారాలు మాత్రమే దొరికేవాళ్లకు ఈ పని ఏళ్లు పట్టొచ్చు. పెట్టిన డబ్బు అమ్మితే రాకపోవచ్చు. లాభం కోసం చేసే పని కాదిది, ఆ లెక్కతో దిగేవాళ్లు దిగకపోవడమే మంచిది.

మీ ఇంట్లోనో, అత్తవారింట్లోనో, ఊళ్లో తాతగారి పెరట్లోనో ఇలాంటి కారుంటే తుక్కు వ్యాపారికి ఫోన్ చేసే ముందు బీరువాలో పాత ఆర్‌సీ పుస్తకం వెతకండి. ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు కారు మీద ఉన్నవాటితో సరిపోల్చి ఫొటో తీసుకోండి. ఆ వివరాలు కంప్యూటర్‌కు ఎక్కాయో లేదో రవాణా శాఖ కార్యాలయంలో అడగండి, ఎక్కకపోతే ఎక్కించమని దరఖాస్తు పెట్టండి. మీ ఊళ్లో డాలీ, సుత్తి పట్టిన పాత టింకరింగ్ మేస్త్రీ ఎవరైనా మిగిలి ఉంటే పిలిచి చూపించండి, ఆయన చెప్పేది రాసుకోండి. మీకు చేసే ఓపిక లేకపోతే చేసేవాళ్లకు అమ్మండి. కిలోల లెక్కన మాత్రం ఇవ్వకండి.